తొంభై తొమ్మిది మంది సోదరులు: మహావంశ కథనంపై ఒక విమర్శ

అశోకుని రాజ్యప్రాప్తిని గురించి మహావంశం చెప్పే కథ కఠోరమైనది. బిందుసారునికి 101 మంది కుమారులు. ఉజ్జయినిని పాలిస్తున్న అశోకుడు తండ్రి అంత్యదశలో పాటలీపుత్రానికి వచ్చి, నగరాన్ని వశపరచుకొని, జ్యేష్ఠుడైన సుమనుని చంపించాడు. సవతితల్లుల బిడ్డలైన 99 మంది హతులయ్యారు. ఏకోదరుడైన తిస్సుడు మాత్రమే మిగిలాడు.

ఈ కథను అక్షరాలా నమ్మేవారూ, పూర్తిగా త్రోసిపుచ్చేవారూ చేసే పొరపాటు ఒకటే. ఇద్దరూ వంశకథను జనాభా లెక్కగా చదువుతున్నారు.

త్రోసిపుచ్చేవారికి ప్రధానాధారం 5వ శిలాశాసనం. అభిషేకానంతరం 13 ఏళ్లకు నియమితులైన ధర్మమహామాత్రులు తన సోదరుల, సోదరీమణుల, ఇతర బంధువుల అంతఃపురాలలోనూ పనిచేస్తున్నారని రాజు అందులో చెప్పాడు. సోదరులందరినీ నిర్మూలించాడన్న మాటను ఇది బలహీనపరుస్తుంది. అయితే వారసత్వ కలహమే జరగలేదని నిరూపించదు. సోదరుని అంతఃపురం నిలిచి ఉండడం వేరు, సోదరుడు జీవించి ఉండడం వేరు.

మరోవైపు, ఉత్తరాది సంప్రదాయానికి చెందిన అశోకావదానంలో అన్న పేరు సుసీముడు. నిప్పుకణికల గుంటలో పడి అతడు మరణిస్తాడు. పేరు వేరు, చావు తీరు వేరు. అయినా జ్యేష్ఠుడు హతుడయ్యాడన్న విషయంలో రెండు సంప్రదాయాలూ ఏకీభవిస్తున్నాయి. రాజ్యం చేజిక్కిన నాలుగేళ్లకు గాని అభిషేకం జరగలేదని మహావంశమే చెబుతోంది. 99 అన్న సంఖ్య కంటే ఈ రెండు అంశాలే చరిత్రకారునికి విలువైనవి.

మరి ఆ సంఖ్య ఎందుకు? సమాధానం న్యగ్రోధ శ్రామణేరుని వృత్తాంతంలో ఉంది. సుమనుని భార్య నిండు గర్భిణిగా పారిపోయి చండాలవాడను చేరుకుంటుంది. అక్కడి పెద్ద ఆమెను ఏడేళ్లు ఆదరిస్తాడు. ఆమె కుమారుడే న్యగ్రోధుడు. ఆ బాలశ్రామణేరుడు రాజమందిరానికి వచ్చి, రాజు చేయి ఊతగా సింహాసనమెక్కి, శ్వేతచ్ఛత్రం క్రింద కూర్చుని అప్రమాదవర్గాన్ని బోధిస్తాడు. హతుడైన వారసుని కుమారుడు క్షణకాలం తండ్రికి దక్కని ఆసనంపై ఉన్నాడు. ఆ పీఠం నుండి అతడు కోరింది రాజ్యం కాదు. హంతకుని పాపం ఎంత పెరిగితే ఈ ఘట్టం అంత ఉజ్జ్వలమవుతుంది. 99 హత్యల కథాప్రయోజనం ఇదే.

మరొక విషయం గమనార్హం. మహావంశంలో కళింగయుద్ధం ప్రస్తావనే లేదు. 13వ శిలాశాసనంలో సోదరుల ఊసు లేదు. లక్షమంది హతులయ్యారనీ, లక్షా యాభై వేలమంది చెరపట్టబడ్డారనీ చెప్పి పశ్చాత్తాపపడిన రాజు తన ఇంటి కలహంపై మౌనం వహించాడు. శాసనంలో కళింగానికున్న స్థానమే వంశకథలో సోదరహత్యకు ఉంది. చండాశోకుడు ధర్మాశోకుడైన తీరుకు రెండూ వేర్వేరు కారణాలు చూపుతున్నాయి.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఆ శాసనాలు చదివే పరిశోధకుడు గాని, విహారంలో న్యగ్రోధుని కథ చెప్పే భిక్షువు గాని ఒకదానితో మరొకదాని ఖాళీని పూరించరాదు. శాసనం రాజు తనను గురించి లోకానికి తెలియజేయదలచినది. మహావంశం సంఘం ఆ రాజును ఎలా స్మరించిందో చెప్పేది. ఈ భేదాన్ని శ్రోతలకు చెప్పినందువల్ల న్యగ్రోధుని బోధ విలువ ఏమాత్రం తగ్గదు.