పేర్లు లెక్కపెట్టడం అంటే

అల్లాహ్‌కు 99 పేర్లున్నాయనీ, వాటిని లెక్కించినవారు స్వర్గంలో ప్రవేశిస్తారనీ అబూ హురైరా చెప్పగా నమోదైన ఒక హదీసు, అంటే ప్రవక్త ప్రవచనం, బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. భక్తుల చేతిలో తిరిగే తస్బీకి, అంటే జపమాలకు, 33 లేదా 99 పూసలుండడం చూసినవారికి ఈ లెక్క తేలికైనదిగానే తోస్తుంది. అయితే హదీసులోని 'అహ్‌సా' అనే అరబీ క్రియకు గులకరాళ్ళతో లెక్కపెట్టడం మూలార్థమని నిఘంటుకారులు చెబుతుండగా, కంఠస్థం చేయడం, అర్థం తెలుసుకోవడం, ఆ అర్థానికి తగినట్టు నడుచుకోవడం కూడా అందులో ఇమిడి ఉన్నాయని వ్యాఖ్యాతలు వివరించారు. దైవనామాలు 99కే పరిమితం కావని కూడా పండితులలో అధికులు భావించారు.

ఈ లెక్క వెనుక ఒక చిక్కుముడి ఉంది. తౌహీద్, అంటే దేవుడు ఒక్కడే, సాటిలేనివాడు అన్న విశ్వాసం, ఇస్లాంకు పునాది. మరి ఒక్కడికి ఇన్ని గుణాలను ఆపాదించడం ఎలా? ఖుర్ఆన్ 42వ అధ్యాయంలోని 11వ వాక్యం ఆయనను పోలినదేదీ లేదని చెప్పి, వెంటనే ఆయన వినేవాడు, చూసేవాడు అని కూడా చెబుతుంది. గుణాలు దైవసత్తకు వేరుగా, అనాదిగా ఉన్నాయంటే అనాది వస్తువులు అనేకమై ఏకత్వం దెబ్బతింటుందని ముఅతజిలా తార్కికులు వాదించారు. 10వ శతాబ్దంలో మరణించిన అబుల్ హసన్ అల్ అష్అరీ మాత్రం గుణాలు వాస్తవమేననీ, అవి సత్తా కావనీ, సత్తకు అన్యమూ కావనీ చెప్పాడు. 'బిలా కైఫ్', అంటే 'ఎలా' అని అడగకుండా అంగీకరించడం, ఆ సంప్రదాయంలో ప్రసిద్ధమైన మాట.

తర్కం ఆగిన ఆ చోట సాధన తన దారి తాను చూపుతుంది. ఖుర్ఆన్‌లోని 114 అధ్యాయాలలో తొమ్మిదవది తప్ప మిగిలినవన్నీ రహ్మాన్, రహీమ్ అనే రెండు నామాల స్మరణతో మొదలవుతాయి. ఈ రెండూ కరుణను తెలిపే ధాతువు నుంచి పుట్టినవి కాగా, గర్భాశయాన్ని సూచించే అరబీ మాట కూడా ఆ ధాతువుదే. బిగించేవాడు, విప్పేవాడు, జీవమిచ్చేవాడు, మరణమిచ్చేవాడు వంటి జంట నామాలను జంటగానే స్మరించడం వల్ల ఏ ఒక్క గుణమూ దేవుని పూర్తి రూపంగా స్థిరపడకుండా ఉంటుంది. 1111లో మరణించిన గజాలీ దైవనామాలపై రాసిన గ్రంథంలో ప్రతి నామంలోనూ మనిషికి దక్కే వాటా ఏమిటో విచారించి, రహ్మాన్ అన్న పేరును తలచేవాడు ఏమరుపాటులో ఉన్నవారిని కఠినంగా కాక మృదువుగా సరిదిద్దాలని వివరించాడు.

తెలుగు ఊళ్ళలో అబ్దుల్ రహ్మాన్ అన్న పేరు వాడుకలో 'రహమాన్ సాయిబు'గా కుదించుకుపోవడం మామూలే. అయితే ఆ పేరులో రాలిపోయిన 'అబ్ద్', అంటే దాసుడు అన్న ముక్కే మనిషిది, మిగిలినది దేవునిది. నామాలను లెక్కించడమంటే ఈ హద్దును మరవకుండా, ఆ నామాలు తెలిపే గుణాల నీడలో నడవడమే కావచ్చు. తిర్మిజీ సంకలనంలోని ప్రసిద్ధమైన నామావళి అల్లాహ్ అన్న పేరు వెంటనే రహ్మాన్‌తో మొదలై సబూర్, అంటే సహనశీలి, అన్న పేరుతో ముగుస్తుంది. మాల తిప్పే వేలు కరుణకు తిరిగి రావాలంటే ప్రతిసారీ సహనం మీదుగానే రావాలి.