నాలుక కోసే ద్రాక్ష

నాటు ద్రాక్షతో చేసిన వైన్ అనగానే మెచ్చుకుని తీరాలన్న నియమమేదీ లేదు. అంతరించబోయి బతికిందన్న జాలి వేరు, రుచి వేరు. మా అమ్మాయి ట్రియెస్టేలో పరిశోధన చేస్తున్నందువల్ల, ఇటలీ ఈశాన్య మూలనున్న ఫ్రియులి ప్రాంతంలో మూడు నాటు రకాలను రుచి చూసే అవకాశం కలిగింది. అప్పుడు నాకు తోచిన మాటలివి.

ముందుగా కాస్త చరిత్ర. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వేళ్లను తినే ఫిలోక్సెరా పురుగు ఐరోపా ద్రాక్షతోటల్ని నాశనం చేసింది. తిరిగి నాటేటప్పుడు చాలామంది రైతులు మెర్లో వంటి ఫ్రెంచి రకాలవైపు మొగ్గారు. 1970ల నాటికి స్కియోపెత్తీనో, తాత్సెలెంగె వంటివి అనుమతి జాబితాలోనే లేవు. కొత్తగా నాటడం చట్టవిరుద్ధం. ద్రాక్షపిప్పితో గ్రాపా అనే సారా కాచే నోనీనో కుటుంబం, ఈ తీగల్ని కాపాడే రైతుల కోసం 1975లో ఒక బహుమతి నెలకొల్పింది. రెండేళ్లకు దానికి సాహిత్య బహుమతి కూడా తోడైంది. నైపాల్ 1993లో, ట్రాన్‌స్ట్రోమర్ 2004లో ఆ ఇంటి బహుమతి అందుకున్నారు. ఇద్దరికీ నోబెల్ ఆ తర్వాతే వచ్చింది. తీగనూ మాటనూ ఒకే పద్దులో రాసిన ఆ లెక్క నాకు నచ్చింది.

ఇక రుచి సంగతి. మొదటిది రిబొల్లా జాల్లా, తెల్ల రకం. తొక్క వేరుచేసి స్టీలు తొట్లలో తయారుచేసినది నిమ్మకాయ పిండిన నీళ్లలా తేలిపోయింది. నాటుదైనంత మాత్రాన దానికి మార్కులు వేయలేను. అదే ద్రాక్షను తొక్కతో సహా నెలల తరబడి నానబెట్టి చేసిన ఓస్లావియా వైన్‌ది రాగి రంగు. ఎండు ఆప్రికాట్ వాసన, టీ డికాక్షన్ వగరు. సారమంతా ఆ దళసరి తొక్కలోనే ఉంది. ఆ ఊరి యోష్కో గ్రావ్నర్ షార్డొనే వంటి రకాలతోనే పేరు తెచ్చుకున్నారు. అయినా 2001 నుంచి జార్జియా మట్టికాగుల్ని నేలలో పాతి వాటిలో పులియబెట్టడం మొదలుపెట్టారు. తర్వాత విదేశీ రకాల్ని పీకించేశారు.

రెండోది స్కియోపెత్తీనో. మిరియాలకు ఆ వాసననిచ్చే రోటుండోన్ అనే పదార్థం ఈ ద్రాక్షలోనూ ఉంది. ఒక సీసాలో అది ఘుమఘుమలాడింది. మరో సీసాలో కొత్త ఓక్ పీపా వాసన అతిగా పట్టి, మిరియం కాస్తా వెనిలా కింద అణిగిపోయింది. సంతకు నచ్చేలా దిద్దబోతే మిగిలేది అంతే.

మూడోది తాత్సెలెంగె. ఫ్రియులాన్ భాషలో ఆ మాటకు నాలుక కోసేదని అర్థం. పచ్చివక్క వగరు, చింతకాయ పులుపు ఒక్కసారే తగిలాయి. ఒంటిగా తాగడం కష్టం. మోంతాజియో అనే అక్కడి చీజ్‌తో తాగితే మాత్రం వగరు సర్దుకుని, వెనక దాగిన పండు రుచి బయటపడింది. బోర్డో వైన్‌ను కొలబద్దగా పెట్టుకుంటే ఇది తప్పినట్టే. కానీ పేరులోనే తన గుణం చెప్పుకున్నదాన్ని మెత్తగా లేదని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఆ నేల మీది ఫ్రియులాన్, స్లోవీన్ రెండూ 1999 చట్టం అల్పసంఖ్యాక భాషలుగా గుర్తించినవే. అందుకే కాబోలు, నాకు మన రాతలు గుర్తొచ్చాయి. పరరాష్ట్రంలో ఉండి పాపం తెలుగులో రాశాడని కథను మెచ్చుకుంటే రచయితకు మేలు జరగదు. కోస్తా పలుకుబడి లేదని తీసిపారేసినా అంతే. దాని కొలత దానికి పెట్టి, ఆపైన నిక్కచ్చిగా కొలవాలి.

నేను మళ్లీ సొంత డబ్బుతో కొనేవి రెండే: తొక్కతో నానిన రిబొల్లా, తాత్సెలెంగె. రెండోది చీజ్ ఉంటేనే.