చక్రాల ఇల్లు – యాత్రారచన

విదేశాల్లో క్యాంపర్ వాన్ అద్దెకు తీసుకొని, అందులోనే వండుకొని, అందులోనే పడుకొని, నెలో రెండు నెలలో తిరిగి వచ్చినవారి రచనలు ఈమధ్య తెలుగులోనూ కనిపిస్తున్నాయి. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ వైపు పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో లేని వీధి తక్కువ. కనుక వీటికి ఇక్కడ పాఠకులున్నారు.

ఈ రచనల్లో సాధారణంగా ఒక జమాఖర్చు వుంటుంది. జమవైపు సరస్సు ఒడ్డున తెల్లవారటం, మంచుకొండ, పిల్లలతో గడిపిన తీరిక. ఖర్చువైపు వాన, టైరు పంక్చరు, పెట్రోలు ధర, ఆ చలికి పెరుగు తోడుకోకపోవటం. ఇవి రాయటం తప్పు కాదు. తోడుకోని పెరుగు గురించి నిజాయితీగా రాసిన పేరా, అరువు ఉపమానాలతో నింపిన సూర్యోదయం కన్న వెయ్యిరెట్లు మేలు. మన అభ్యంతరం మరొకచోట వుంది. ఈ ఖాతాలో శ్రమచేసే మనిషి లేడు. రాత్రి బండి నిలిపిన చోట మరుగుదొడ్డి కడిగినదెవరు? వారి జీతమెంత? రచయిత అడగడు.

ఈ లోపం మన యాత్రాసాహిత్యం పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. పల్లకీలు, డేరాలు, వంట సరంజామా, సుమారు వందమంది పరివారం – ఇల్లంతా కదిలించుకుపోయాడు. ఆ ఇంటికి చక్రాలు లేవు, బోయీల భుజాలున్నాయి. ఆయన దృష్టికి వర్గపరిమితులు వుండనే వున్నాయి. కుంపిణీ దొరతనం మీద ఆయన చూపిన గౌరవం నేటి పాఠకునికి మింగుడుపడదు. అయినా బాట ఎలా వుంది, నీరు దొరుకుతుందా, అంగళ్ళలో ఏమున్నది, ఏ ఊళ్ళో జనం ఎలా బతుకుతున్నారు – ఇవన్నీ మజిలీ మజిలీకీ రాశాడు. తన కష్టసుఖాలు ఏకరువు పెట్టటం కన్న వెనుక రాబోయే బాటసారి అవసరం ఆయనకు ముఖ్యం. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ పూనికతో 1838లో అచ్చయిన ఆ గ్రంథాన్ని 1941లో బెజవాడ వకీలు దిగవల్లి వెంకటశివరావు తిరిగి పరిష్కరించి ప్రచురించాడు. ఆ చరిత్రకారుని చేతిలో అది పుణ్యగ్రంథంగా కాక చరిత్రకు ఆధారంగా నిలిచింది.

కదిలే ఇల్లు దుబాసీకి పుణ్యమయితే, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకొని ఊరూరా తిరిగిన యెరుకలకు అదే నేరమయింది. 1871 నాటి నేరజాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు 1913లో వెలిసింది. చట్టం రద్దయ్యేదాకా పోలీసులకు హాజరు చెప్పుకోవలసిన ఆ కుటుంబాల ప్రయాణాలను ఏ యాత్రాచరిత్రా రాయలేదు.

విదేశాల్లోనూ ఆ బండి అందరికీ విహారం కాదు. జెస్సికా బ్రూడర్ 2017లో ప్రచురించిన 'నోమాడ్‌లాండ్' చూడండి. 2008 సంక్షోభం తరువాత అద్దెలు కట్టలేక వాన్లలో కాపురం పెట్టిన అమెరికన్ వృద్ధుల సంగతి అది. వారు అమెజాన్ గిడ్డంగుల్లో పనిచేశారు; క్యాంపుల్లో మరుగుదొడ్లు కడిగారు. అంటే మనవాళ్ళు అడగని ప్రశ్నకు జవాబు ఒక్కొక్కప్పుడు పక్క వాన్‌లోనే వున్నది! మరికొందరు పంచదార తీసే బీట్ దుంపల కోతకు వెళ్ళారు. ఉయ్యూరు నుండి వెళ్ళిన యాత్రికుడు చాలావరకు షుగర్ ఫ్యాక్టరీకి చెరకు తోలిన ఇంటివాడే అయివుంటాడు. కోతకూలి ఎంత అని అడగటం అతనికి చేతకాని పని కాదు.