గొట్టం పొడుగైతే చాలా?

బాస్ క్లారినెట్ వాయించేవాళ్ళ మధ్య ఒక పాత తగువుంది. మామూలు వాద్యం కింద ఈ-ఫ్లాట్ దాకా దిగుతుంది. పొడుగు గొట్టంది సీ దాకా, అంటే మరో మూడు స్వరాలు. ఆ మూడింటి కోసం అంత ఖర్చు, బరువు అవసరమా అని గొడవ. స్వరకర్త వాటిని రాసి ఉంటే అవసరం, లేకపోతే లేదు. అక్కడ జవాబు తేలికే. నరసరావుపేటవాణ్ణి కాబట్టి నాకు మాత్రం వెంటనే మా సన్నాయి మేళం గుర్తొచ్చింది.

నాదస్వరాల్లో పొట్టిది తిమిరి, పొడుగుది బారి. తిమిరి నాలుగు, ఐదు శ్రుతిలో పలుకుతుంది. బారి రెండు, రెండున్నరలో. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898–1956) నరసింగంపేట రంగనాథన్ ఆచారి చేత చేయించుకున్న బారి తర్వాత కచేరీల్లో తిమిరి వెనకబడింది. కానీ బారి కింద కొత్త స్వరాలేమీ కలపదు. వేళ్ళకి అవే ఏడు రంధ్రాలు. షడ్జమే కిందికి దిగుతుంది. మా ఆఫీసు భాషలో ఇది ఫీచర్ కలపడం కాదు, ప్లాట్‌ఫామ్ మార్చడం. రంధ్రాల మధ్య ఎడం పెరుగుతుంది, ఊపిరి ఎక్కువ పడుతుంది. బదులుగా మంద్రంలో నిలబడి తోడిని నింపాదిగా విప్పే వీలు దొరుకుతుంది. మైకున్న హాల్లో ఇది నిజమైన లాభం.

అయితే బారి ఉంటేనే విద్వాంసుడు, తిమిరి పాతకాలంది అనే మాట నాకు నచ్చదు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తర్వాత నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గరికి వెళ్ళారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన అంత దూరం వెళ్ళింది బాణీ కోసం. గొట్టం కోసమే అయితే కొని తెప్పించుకుంటే సరిపోయేది.

మొన్న మా ఊళ్ళో బంధువుల పెళ్ళి. ముహూర్తానికి ముందు మండపం సగం ఖాళీ. ఆ అరగంట బారి నాదం ఎంత బాగుందో! (వంటవాళ్ళు కూడా గరిటెలు పక్కన పెట్టి విన్నారు.) రాత్రి ఊరేగింపులో అదే మనిషి, అదే బారి, వెనక డీజే. నాలుగడుగుల దూరంలో నాకే వినపడలేదు. తిమిరి అయితే ఆ రొదని కొంతైనా కోసుకుంటూ పోయేది. బయట వాయించడానికే కదా అది పుట్టింది!

"తిమిరి తేలేదా బాబాయ్?" అనడిగాను.

"బారి కొనేటప్పుడు అమ్మేశానయ్యా. అది పట్టుకుంటే సభలకి పిలవరు."

"మరి సభలకి పిలుస్తున్నారా?"

ఆయన పీక విప్పి, తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు.

"రేపు మాచర్లలో ఇంకో పెళ్ళుంది."