పచ్చదీపాన్ని నమ్మిన రౌటర్

ఆఫీసులో రెండు ఇంటర్నెట్ లైన్లు పెట్టించుకున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మొదటిది పోయినప్పుడు రెండోది ఎందుకు అందుకోలేదు?"

మొదటిది పోయిందని రౌటర్‌లోని లైనక్స్‌కి ఎవరూ చెప్పలేదు గనుక. జేసీబీ ఫైబర్‌ని తెంపేది వీధి చివర. లైనక్స్ రౌటర్‌కీ మోడెమ్‌కీ మధ్య ఉన్న కేబుల్ చెక్కుచెదరదు, దీపం పచ్చగానే వెలుగుతుంది. రెండు డిఫాల్ట్ రూట్లలో మెట్రిక్ తక్కువ ఉన్నదాన్నే కెర్నెల్ ఎంచుకుంటుంది. దాని దృష్టిలో ఆ దారి ఇంకా బాగానే ఉంది.

అందుకే ఎవరో ఒకరు అదేపనిగా నాడి పట్టి చూడాలి. రౌటర్ల కోసం చేసిన లైనక్స్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఆ పని ఎమ్‌వాన్3 ప్యాకేజీది: ఒక్కో లైన్ గుండా 8.8.8.8, 1.1.1.1 లాంటి చిరునామాలకు పింగ్ పంపి, జవాబు రాకపోతే ఆ లైన్‌ని పక్కన పెడుతుంది. ఒక్క చిరునామానే నమ్ముకుంటే అది మొరాయించిన రోజు బాగున్న లైన్ కూడా తప్పుకుంటుంది. సర్వీసు కంపెనీ గేట్‌వే వరకే పింగ్ చేస్తే దాని అవతల తెగింది కనపడదు.

ఇక లోడ్ బ్యాలెన్సింగ్, అంటే రెండు లైన్లకూ పని పంచడం. వంద ఎంబీపీఎస్ లైన్లు రెండుంటే ఒక్క డౌన్‌లోడ్‌కి రెండొందలు వస్తాయని ఆశ! రావు. లైనక్స్ పంచేది మామూలుగా కనెక్షన్లనే. మధ్యలో కొన్నాళ్లు అదీ కుదరలేదు. 2012లో 3.6 కెర్నెల్ ఐపీవీ4 రూటింగ్ కాష్‌ని తీసేశాక, ఒకే సంభాషణ ప్యాకెట్లు చెరో లైన్ పట్టగలిగేవి. 2016 జనవరిలో వచ్చిన 4.4 చిరునామాల హ్యాష్‌తో దాన్ని సరిదిద్దింది. 4.12 నుంచి పోర్టులనూ లెక్కలోకి తీసుకోమని చెప్పొచ్చు. కానీ అప్పుడు ఒకే బ్యాంకు సైటుకి వెళ్లే రెండు కనెక్షన్లు రెండు పబ్లిక్ చిరునామాల నుంచి వెళ్లొచ్చు. లాగిన్ ఒకచోట, లావాదేవీ ఇంకోచోట కనిపిస్తే కొన్ని సైట్లు బయటికి నెట్టేస్తాయి. ప్యాకెట్ వచ్చిన దారిని సరిచూసే ఆర్‌పీ_ఫిల్టర్ సెట్టింగ్ కఠినంగా 1లో ఉంటే రెండో లైన్ మీద వచ్చిన జవాబుల్ని కెర్నెలే పారేయొచ్చు; దాన్ని 2కి మార్చడం చాలామంది మరిచిపోతారు.

ఈ తంటాలన్నీ చూశాక ఈ కాలమిస్టు ఓటు చిన్న ఆఫీసులకు ఫెయిలోవర్‌కే, అంటే ఒక లైన్ పోతేనే రెండోది అందుకునే పద్ధతికే. పంచుకోవడం తప్పదంటే సీసీటీవీ బ్యాకప్ ఒక లైన్‌కి, బిల్లింగ్ ఇంకో లైన్‌కి ఐపీ రూల్‌తో రాసిచ్చేయడం నయం. ఒక్క కనెక్షన్‌నే రెండు లైన్ల మీద నడిపించే మల్టీపాత్ టీసీపీ 2020లో 5.6 కెర్నెల్‌లోకి వచ్చింది గానీ, దానికి అవతలి సర్వర్ కూడా ఒప్పుకోవాలి.

ఫెయిలోవర్ చక్కగా పనిచేసినా నడుస్తున్న వీడియో కాల్ ఓసారి తెగుతుంది. పబ్లిక్ చిరునామా మారిపోయింది కదా. కనెక్షన్ల లెక్క రాసుకునే కాన్‌ట్రాక్ పట్టికలో పాత నమోదుల్ని తుడిచేస్తే కనెక్షన్లు కొత్త దారిని త్వరగా పడతాయి.