సమాన నియమం, న్యాయమైన నియమం: ప్రపంచీకరణ సాహిత్య విమర్శ - సింగరేణి నేపథ్యం

వ్యాససంగ్రహం:
తెలుగులో ప్రపంచీకరణ సాహిత్యంపై వచ్చిన విమర్శ ప్రభావాలను విస్తారంగా చర్చించింది. వాటికి కారణమైన వాణిజ్య నియమాలను అంతగా పట్టించుకోలేదు. గోదావరిఖని, రామగుండం ప్రాంతపు బొగ్గును ఆధారం చేసుకొని, అందరికీ సమానమైన నియమం అందరికీ న్యాయమైనది కాకపోవచ్చని చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ప్రపంచీకరణ, సింగరేణి సాహిత్యం, బొగ్గు దిగుమతి, సెస్సు, వాణిజ్య న్యాయం.

1. ఉపోద్ఘాతం:
‘కుబుసం’ (2002) చిత్రంలోని గోరటి వెంకన్న పాట పల్లెలో చేతివృత్తులు కూలిపోవడాన్ని వర్ణిస్తూ, దాని వెనుక కంటికి ఆనని శక్తులున్నాయని సూచిస్తుంది. కవికి ఆ సూచన చాలు, విమర్శకుడికి చాలదు. మన విమర్శ తరచుగా ఆ అగోచరత్వాన్నే కారణంగా స్వీకరించి, ‘బహుళజాతి సంస్థల కుట్ర’ అన్న మాటతో చర్చను ముగిస్తున్నది. నిజానికి వాణిజ్య నియమాలు అగోచరాలు కావు. వాటికి తేదీలు, రేట్లు, ఉత్తర్వులు ఉన్నాయి.

2. తూకంలో సమానం, వేడిలో అసమానం:
1993లో బొగ్గు దిగుమతి ఓపెన్ జనరల్ లైసెన్సు కిందికి వచ్చింది. అవసరమున్న సంస్థ సుంకం చెల్లించి విదేశీ బొగ్గును నేరుగా తెప్పించుకొనే వీలు కలిగింది. 2010లో కేంద్రం బొగ్గుపై టన్నుకు 50 రూపాయల సెస్సు విధించింది. 2016 నాటికి అది 400 రూపాయలైంది. 2017లో జీఎస్టీ పరిహార సెస్సుగా మారింది. కస్టమ్స్ సుంకం సంగతి వేరు. సెస్సు మాత్రం స్వదేశీ, విదేశీ బొగ్గులకు ఒక్కటే.

పైకి ఇది పక్షపాతం లేని నియమం. కానీ మన బొగ్గులో బూడిద ఎక్కువ, ఉష్ణశక్తి తక్కువ. కిలోకు 4000 కిలోకేలరీలిచ్చే బొగ్గు 3 టన్నులు మండితే వచ్చే వేడి, 6000 కిలోకేలరీల బొగ్గు 2 టన్నులతోనే వస్తుంది. అదే వేడికి మొదటిదానిపై సెస్సు 1200 రూపాయలు, రెండవదానిపై 800. 2025 సెప్టెంబరులో ఈ సెస్సును తొలగించి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పన్ను తూకాన్ని వదిలి విలువను ఆశ్రయించింది. నియమం విధిలిఖితం కాదనీ, సవరించదగినదేననీ ఇది రుజువు చేస్తున్నది.

3. సింగరేణి రచనల పఠనం:
అల్లం రాజయ్య కథలు, తుమ్మేటి రఘోత్తమరెడ్డి ‘నల్లవజ్రం’ నవల, పి.చంద్ రచనలు గని కార్మిక జీవితాన్ని సాహిత్యంలోకి తెచ్చాయి. వీటిని ప్రపంచీకరణ కోణంలో చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. 1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు అందులో సగం కూడా లేదు. ఈ తగ్గుదలనంతా దిగుమతుల ఖాతాలో వేయడం సరికాదు. యంత్రీకరణ, భూగర్భ గనుల స్థానంలో వచ్చిన ఓపెన్‌కాస్టులు, స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు దీనికి ప్రధాన కారణాలు. రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రం గనుల చెంతనే ఉండడంతో, రవాణా ఖర్చు విదేశీ బొగ్గుకు అక్కడ ప్రతికూలమవుతుంది. ఓడరేవుల సమీపంలోని కేంద్రాల విషయంలో ఈ రక్షణ ఉండదు. ‘కుట్ర’ అన్న ఏకపదం ఈ కారణాలను విడదీయలేదు. విడదీయనప్పుడు కార్మికుడు ఎవరిని ప్రశ్నించాలో తేలదు. యాజమాన్యమూ ప్రభుత్వమూ ప్రపంచీకరణ చాటున తప్పించుకుంటాయి.

4. ముగింపు:
ఐరోపా సమాఖ్య కర్బన సరిహద్దు సర్దుబాటు విధానం 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో అమలులోకి వచ్చింది. సిమెంటు, ఉక్కు, ఎరువుల వంటి దిగుమతులకు ఉద్గారాల లెక్కన ఖరీదు కడుతుంది. ఇక్కడా కొలత అందరికీ ఒక్కటే. శతాబ్దాలుగా బొగ్గు మండించి సంపన్నమైన దేశానికీ, ఆలస్యంగా మొదలుపెట్టిన దేశానికీ బాధ్యత భిన్నమని 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం అంగీకరించింది. ఆ అంగీకారానికి ఈ కొలతలో చోటు కనిపించదు. అలాగని బొగ్గును సమర్థించడం న్యాయం కాదు. దాని దుమ్ము మొదట చేరేది గోదావరిఖని ఇళ్లలోకే. భారం ఎవరిపై ఎంత పడుతుందన్నదే ప్రశ్న. ప్రపంచీకరణ సాహిత్యంపై పరిశోధించేవారు రచనతోపాటు ఆ కాలపు దిగుమతి విధానాన్నీ, పన్ను ఉత్తర్వునూ చదవాలి. అప్పుడే కవి చెప్పిన అగోచర శక్తికి విమర్శ పేరు పెట్టగలుగుతుంది.