పోర్టు పడితే సగం పని

“మామా, లైటు ఎలుగుతుంది గానీ పోర్ట్ చూపెడ్తలేదు.” అత్వెల్లి నుంచి మా అక్క కొడుకు ఫోను. ఈసీఈ రెండో ఏడు చదువుతున్నాడు. కోఠి గుజరాతీ గల్లీలో ఆర్డ్వినో నానో బోర్డు ఒకటి కొనుక్కొచ్చి, మూడు రోజులుగా ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌తో కుస్తీ పడుతున్నాడట. ఆదివారం 229 బస్సు ఎక్కి మేడ్చల్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. వెళ్లగానే బోర్డు సంగతి అడగలేదు. “ఆ కేబుల్ ఎక్కడిదిరా?” అన్నాను.

“ఇంట్లదే మామా. పాత ఎఫ్.ఎం. స్పీకర్ చార్జింగ్‌ది.”

దొంగ అక్కడే దొరికాడు. ఈ బోర్డుకు వాడే యూఎస్‌బీ కేబుల్లో నాలుగు తీగలుండాలి. రెండు కరెంటుకు, రెండు మాటలకు. చార్జింగ్ కోసమే చేసిన చవక కేబుళ్లలో ఆ మాటల జత ఉండదు. బోర్డుకు కరెంటు అందుతుంది, లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం ఏదో తగిలించారన్న కబురే చేరదు. అందుకే ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు తెర కంటే ముందు చెవిని నమ్ముతారు. కేబుల్ గుచ్చగానే విండోస్ చిన్న చప్పుడు చేయాలి. ఆ చప్పుడు లేకపోతే డ్రైవర్ల జోలికి పోవడం దండగ.

నా సంచిలోని కేబుల్ పెట్టాం. చప్పుడైంది. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం వచ్చింది. వాడు మొహం వేలాడేశాడు గానీ, నాకైతే ప్రాణం లేచొచ్చింది. ఇంటికి ఎవరో వచ్చారని కంప్యూటర్‌కు తెలిసింది, వాళ్ల భాషే రావడం లేదు.

నానోలో అసలు పని చేసేది ఏటీమెగా328పీ అనే చిప్. దానికి యూఎస్‌బీ రాదు, ఒక్కో బిట్టూ వరసగా పంపే సీరియల్ భాషే వచ్చు. కాబట్టి పక్కనే ఒక దుబాసీ చిప్ ఉంటుంది. ఆ దుబాసీతో కంప్యూటర్ తరఫున మాట్లాడేదే డ్రైవర్. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో, డిజైన్ చదివే పిల్లల కోసం ఆర్డ్వినో పుట్టింది. డిజైన్ బహిరంగం కాబట్టి ఎవరైనా అలాంటి బోర్డు చేసుకోవచ్చు, మన గల్లీల్లో దొరికేవి చాలావరకు అలాంటివే. వాటిలో దుబాసీగా ఎక్కువగా కనబడేది చైనా సంస్థ డబ్ల్యూసీహెచ్ చేసే సీహెచ్340. బోర్డు తిరగేసి, ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చిప్ మీది అక్షరాలు చదివితే తెలిసిపోతుంది.

చదవలేకపోతే ఇంకో దారి ఉంది. డివైస్ మేనేజర్‌లో ప్రాపర్టీస్, డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీలు. మా వాడి బోర్డు వీఐడీ 1ఏ86, పీఐడీ 7523 అని చెప్పింది. మన పేర్లలాగే, సంస్థను చెప్పే ఇంటిపేరు ముందు, వస్తువును చెప్పే పేరు తర్వాత. ఈ జత చూసుకునే కంప్యూటర్ డ్రైవర్‌ను వెతుక్కుంటుంది. ఈ ఇంటిపేర్ల మీద పెద్ద గొడవ కూడా జరిగింది. ఇలాంటి దుబాసీ చిప్‌లే చేసే ఎఫ్‌టీడీఐ అనే సంస్థ చిప్‌లకు నకిలీలు చేసి, దాని ఇంటిపేరే పెట్టి అమ్మారు కొందరు. 2014లో ఆ సంస్థ కొత్త డ్రైవర్ విండోస్ అప్‌డేట్‌లో వచ్చి, నకిలీ చిప్‌ల పీఐడీని సున్నా చేసేసింది. ఏమీ తెలియక కొన్నవాళ్ల పరికరాలు మూగబోయాయి. గోల పెరిగాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. ఏ డ్రైవరైనా ఆ చిప్ చేసినవాళ్ల దగ్గరే తెచ్చుకోవాలి, “అన్ని డ్రైవర్లూ ఒకేచోట” అనే సైట్ల గడప తొక్కకూడదు.

లినక్స్‌లో సీహెచ్340కి డ్రైవర్ ముందే ఉంటుంది, తాళం మాత్రం వేరేచోట. మన యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌటై మళ్లీ రావాలి. మోడెమ్‌తో ఫోన్ కలిపిన రోజుల నాటి పేరది. ఉబుంటు 22.04లో ఇంకో తమాషా ఉంది. అంధుల బ్రెయిల్ తెరల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్, ఇదే ఇంటిపేరు, ఇదే పేరు చూసి, మన బోర్డును తన మనిషే అనుకుని లాక్కుపోతుంది. బ్రెయిల్ తెర వాడని ఇంట్లో దాన్ని తీసేస్తే సరి.

మా వాడి విండోస్‌లో డ్రైవర్ ఎక్కింది, కామ్5 అనే పోర్టు కనబడింది. అప్‌లోడ్ నొక్కితే ఎర్ర అక్షరాల్లో “నాట్ ఇన్ సింక్”. పంపేముందు కంప్యూటర్ డీటీఆర్ అనే తీగను కిందికి లాగుతుంది, చిన్న కెపాసిటర్ గుండా ఆ కుదుపు తగిలి చిప్ రీసెట్ అవుతుంది. లేవగానే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ కాసేపు తలుపు తీసి నిలబడుతుంది. ఆ కాసేపట్లో, దానికి తెలిసిన వేగంలోనే పలకరించాలి. కొత్త నానోల వేగం 115200, పాతవాటిది 57600. మెనూలో “ఓల్డ్ బూట్‌లోడర్” ఎంచుకున్నాం, ప్రోగ్రామ్ ఎక్కేసింది.

మేడ్చల్ రోడ్డు పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలే. ల్యాబ్ కంప్యూటర్లలో ఇవన్నీ ఎవరో ముందే ఎక్కించి పెడతారు, ప్రాజెక్టేమో రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఈ సీరియల్ భాష మాట్లాడే యూఏఆర్‌టీ గురించి పరీక్షలో పది మార్కులకు రాసిన పిల్లవాడు, కామ్5 అంటే అదేనని గుర్తుపట్టడు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో అయితే పెన్‌డ్రైవ్‌లా కనబడుతుంది, ఫైల్ లాగి పడేస్తే చాలు. బడి పిల్లలకు అదే మేలు. ఈసీఈ పిల్లలు మాత్రం ఒక్కసారైనా ఈ పసుపు త్రికోణంతో తలపడాలని నా పట్టుదల.

“మామా, బ్లింక్ అయితుంది సూడు!”

“అది కొన్ననాటి నుంచి అట్లనే కొట్టుకుంటుందేమో, గమనించినవా?” చాలా బోర్డుల్లో లైటును వెలిగించి ఆర్పే ఆ బ్లింక్ ప్రోగ్రామ్‌ను ఫ్యాక్టరీలోనే ఎక్కించి పంపుతారు. వాడు గతుక్కుమన్నాడు. ప్రోగ్రామ్‌లో డిలే 1000 ఉన్న రెండుచోట్లా 100 చేయమన్నాను. అప్‌లోడ్ కాగానే ఎల్ అని రాసి ఉన్న ఆ చిన్న లైటు మిణుకుమిణుకుమంటూ పరుగందుకుంది. వాడు చప్పట్లేమీ కొట్టలేదు. సొరుగులోంచి ఎర్ర టేపు తీసి, ఆ స్పీకర్ కేబుల్‌కు రెండు చుట్లు చుట్టాడు.